మిరపకాయల మీద నెపం

మధ్యాహ్నం ఒకటిన్నరకి
గుంటూరు మిర్చియార్డులో వేలం కేకలు సద్దుమణుగుతాయి.
కాటా ముల్లు ఊగి ఊగి నిలబడుతుంది.
తేజ రకం టిక్కీలు ఆరు వరసలు పేర్చిన గోడ వెనక
చిట్టా మూసి, క్యారేజీ తెరిచి
ఫోను నీళ్ల సీసాకి ఆనించి పెట్టుకుంటాను.

ముప్పై ఏళ్ల గుమస్తాని.
తాలుకాయ ఏదో, తడికాయ ఏదో
గుప్పెట్లోకి తీసుకోకుండానే చెప్పగలవాణ్ణి.
ఈ సీరియల్లో ఒక్క గింజ నిజం లేదని
నాకు తెలియదా?

సింధూజ గతం మర్చిపోవడం ఇది మూడోసారి.
విషం కలిపిన పాలగ్లాసు
వంటింట్లోంచి పడగ్గదికి చేరడానికి
పదకొండు రోజులు పట్టింది.
ఆ పదకొండు రోజుల్లో మేము
నలభై లారీల కాయ బంగ్లాదేశ్‌కి ఎత్తేశాం.
అత్త త్రిపురాంబ నిద్రలో కూడా వడ్డాణం తీయదు.
కనుబొమ్మ ఎత్తితే ఉరుము, దించితే మెరుపు,
మధ్యలో సబ్బుల ప్రకటన.

అంతా తాలు సరుకే.
అయినా టీవీలో రాత్రికి వచ్చేది
ఫోన్లో ముందే చూపించినందుకు నెలనెలా కట్టే డబ్బు
ఇంటి లెక్కల్లో పురికొస ఖర్చు కింద రాశాను.
ఇంట్లో పురికొస ఎందుకని
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మొదట్లో ఒక్కణ్ణే.
ఒకనాడు వెనక ఎవరో ముక్కు చీదారు.
చూస్తే హమాలీ మస్తాన్‌వలీ.
భుజాన ఇనప కొక్కెం, మీసాల మీద ఎర్రటి దుమ్ము,
నిండు టిక్కీని పూలబుట్టలా ఎత్తేవాడు,
"ఘాటండీ" అన్నాడు.
"అవును, ఈ ఏడు ఘాటెక్కువ" అన్నాను.
అదే ఒప్పందం.
మర్నాడు యేసోబు వచ్చాడు. ఆ పై వారం
కర్నూలు నుంచి కాయ తెచ్చిన రైతొకడు
రేటు పలకలేదన్న దిగులు కాసేపు పక్కన పెట్టి
"ఆ పిల్ల పాలు తాగిందా?" అని చతికిలబడ్డాడు.

ఇంకే ఊరి మగాళ్లకీ లేని సౌకర్యం మాది.
తుండుగుడ్డతో కళ్లొత్తుకుంటే
పాపం, పనిమంతుడు అనుకుంటారు.

ఎందుకు చూస్తావంటే ఏం చెప్పను?
ఇక్కడ ఆ రైతు సరుకుకి
క్వింటాకి వెయ్యి కోసినప్పుడు ఉరుమేమీ రాలేదు.
కోసినవాడి మొహం మామూలుగానే ఉంది.
రాసింది నేనే, నా మొహమూ మామూలుగానే ఉండి ఉంటుంది.
త్రిపురాంబ నయం,
వచ్చేముందు వాయిద్యాలు మోగించి మరీ వస్తుంది.

ఇంటి దగ్గర మాత్రం నేను వేరే మనిషిని.
నల్లచెరువు మూడో లైన్లో, రాత్రి ఏడున్నరకి,
మిషను మీద జాకెట్టు పక్కన పెట్టి
సామ్రాజ్యం టీవీ ముందు కూర్చుంటే
పేపరు అడ్డం పెట్టుకుని గొణుగుతాను:
"తీసేవాళ్లకి లేదు సరే, చూసేవాళ్లకైనా బుర్రుండాలి."
ఆవిడ సౌండు రెండు గీతలు పెంచుతుంది.

మొన్న మంగళవారం
గ్లాసు సరిగ్గా పెదవికి తగిలినప్పుడు
కరెంటు పోయింది.
చీకట్లో ఆవిడ నిట్టూర్చింది:
"అయ్యో, తాగేస్తుందో ఏమో."

"తాగదులే. పిల్లి తోసేస్తుంది."

ఎవరు అన్నారది?
పక్కింటి ఇన్వర్టరు గుయ్‌మంటోంది.
చేతిలో పేపరు ఇంకా అలాగే పట్టుకునున్నాను,
చీకట్లో చదువుతున్నట్టు.
కరెంటొచ్చింది. నేలమీద పాలు, గాజుముక్కలు.
పిల్లి నింపాదిగా మూతి నాక్కుంటోంది.
సామ్రాజ్యం నావైపు చూడలేదు.
చూడకపోవడం ఎంతసేపు చూసిందో!

పొద్దున్న క్యారేజీ సంచిలో
గోంగూర గిన్నె కింద
ఉతికి మడతపెట్టిన తుండుగుడ్డ, రోజూది కాదు, రెండోది.
"ఈ ఏడు ఘాటెక్కువటగా" అంది,
సూదిలోకి దారం ఎక్కిస్తూ.
నేను చెప్పులు వేసుకుంటుంటే
వెనకనించి మళ్లీ:
"శుక్రవారంది మాత్రం చెప్పకండి.
నేను చూసుకుంటాను."