మన్ననూరు రిజిస్టర్ల అలుగు

పులుల కోసం కట్టిన కెమెరా అది.
ఏగి చెట్టుకు, మోకాలెత్తుల,
ఈదన్న తన చేత్తోనే బెల్టు బిగించిండు.
నలభై దినాలకు చిప్పు తీస్తే
నాలుగు వేల మూడొందల ఫోటోలు:
గాలికి ఊగిన బోదగడ్డి,
తోవ తప్పిన బర్రె,
అద్దాన్ని నాకిన ఎలుగుబంటి నోరు,
మా కాళ్ళు, మా చెప్పులు, మళ్ళా మా కాళ్ళే.
పులి రెండే మార్లు. అది గూడ వీపు జూపెట్టి.

రాత్రి రెండు పదిహేడుకు ఒక్క ఫోటో.
జర మసక.
తల ఏడనో తోక ఏడనో సమజ్ గాని జీవి
ముందటి గోళ్ళు లోపలికి మడుచుకొని,
వాగు దాటే ముసలామె కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్నట్టు
వెనక కాళ్ళ మీద పోతున్నది.
తోక మొదట్ల జానెడు పిల్ల,
పొలుసుల సందుల గోళ్ళు దిగేసి
పండుకున్నదో, లోకం జూస్తున్నదో.

ఈదన్న స్క్రీనుకు వేలు తగలనియ్యలేదు.
"అలుగు" అన్నడు మెల్లగ,
గట్టిగ అంటే ఫోటోల గూడ ముడుచుకుంటదన్నట్టు.

నాకు ఎరుకైన అలుగులు వేరే.
మాది వంగూరు దిక్కు.
చెరువు నిండితే దుంకేది అలుగు,
పదేండ్ల వయసు దాకా నేను చూడనే లేదు.
చాపముక్క చిన్నగొస్తే మా అక్క చేసేది అలుగుడు,
అది మాత్రం వారానికోసారి చూసిన.
ఈదన్న తాత బాణం మొనకు గూడ అలుగే పేరట.
నీళ్ళకు, కోపానికి, ఇనుముకు పంచంగ
మిగిలిన పేరు దీనికిచ్చిండ్రో,
దీని పేరునే అందరూ ఎత్తుకపోయిండ్రో.

పళ్ళు లేవు దానికి.
ఉన్నదంతా నాలుకనే.
చెదల పుట్టకు బొక్క పొడిచి
రాత్రంత నాకుతది, తెల్లారకముందే
బొరియల జొచ్చి మట్టితోని తలుపేసుకుంటది.
పులి ఎదురైతే ముద్దయి కూసుంటది.
పులి దొర్లిచ్చి దొర్లిచ్చి యాష్టకొచ్చి పోతది.
మనిషి యాష్టకు రాడు.
సంచి తెస్తడు.

పోయిన ఎండాకాలం అచ్చంపేట బస్టాండుల
చక్కెర సంచిల దొరికిన పొలుసులు
తూకమేసింది నేనే. రెండు కిలోల ఎనిమిదొందలు.
పళ్ళెంల పోస్తుంటే చింతగింజల చప్పుడు.
ఉత్త గోళ్ళు, మన వేళ్ళకున్నసొంటియే.
వాటితోని ఎవనికి ఏ రోగం తగ్గుతదో
పంచనామల రాసే జాగ లేదు.

రిజిస్టర్ల పులికి ఒక గడి, చిరుతకు ఒక గడి,
రేసుకుక్కకు గూడ ఉన్నది.
పద్నాలుగోది 'ఇతరములు'.
అండ్ల రాసిన: "అలుగు ఒకటి, పిల్లతో."
'స్థలం' కాడ కలం ఆగింది.
ఈదన్న దిక్కు జూసిన.
ఆయన బీడి ముట్టిచ్చుకుంటున్నడు, అగ్గిపుల్లనే జూస్తున్నడు.
"మన్ననూరు రేంజి" అని రాసి ఇడిసిపెట్టిన.

రెండు నెలలకు పాలమూరు నుంచి
ఇరిగేషన్ ఇంజనీరు, హుమేరా మేడం, దిగింది,
ఒక చేత టేపు, ఒక చేత కాయిదం:
"సదరు రేంజిలో ఒక అలుగు, ఒక పిల్ల అలుగు గుర్తించడమైనది.
మరమ్మతు అంచనాలు పంపగలరు."
"ఏ చెరువుది అన్నా? పొడుగెంత?"
ఈదన్న నవ్వలేదు.
"రెండు మూరలుంటది బిడ్డా.
ఒక్కకాడ ఉండదు."

ఫోటో జూపెట్టినంక
ఆమె నవ్వి, నవ్వి, ఆగింది.
పిల్ల మీద కండ్లు నిలిచినయి.
నా కలమే అడిగి తీసుకొని
కాయిదం కింద రాసింది:
"సదరు అలుగు జాడ దొరకలేదు. ఫైలు మూయవచ్చు."
టేపు చుట్టుకుంటుంటే అది గూడ
సర్రున లోపలికి పోయి ముద్దయింది.

మళ్ళా నెల చిప్పుల పులి అయిదు మార్లు పడ్డది,
సార్లు మస్తు ఖుషీ.
ఏగి చెట్టు కాడి కెమెరాను
ఇంకో తోవ దిక్కు ఎవరు తిప్పికట్టిండ్రో
నేను అడగలేదు.
పద్నాలుగో గడిల అడ్డగీత గీసిన.