నాలుగో ఉత్తరం

లవాన్ ట్వైట్ గారూ,
సూ ఫాల్స్‌లో మీ బల్ల మీదికి
నావి మూడు ఉత్తరాలు వచ్చాయి.
ఇది నాలుగోది. ఇందులో అడిగేదేమీ లేదు.

మొదటిది లైబ్రరీలో కూచుని టైపు చేశాను.
తప్పు నాదేనని రెండుసార్లు రాశాను,
ఒకసారి సరిపోదేమోనని.
నలభై ఒక్క డాలర్లు,
బట్టలుతికే మెషిను వాయిదా.
డబ్బు లేక కాదు. ఖాతాలోనే ఉంది,
మా డులూత్ సరస్సులో ఫిబ్రవరి నీళ్ళలా
పైన మంచు, కింద కదలకుండా తను.

మీరో, మీ యంత్రమో జవాబిచ్చారు:
సమాచారం నిజమే గనుక మార్చడం కుదరదు.
నిజమే. నాకు కోపం రాలేదు.
నేనడిగింది నిజాన్ని కాదనమని కాదు,
కాస్త చూసీ చూడనట్టు పొమ్మని.

రెండో దాంట్లో రసీదులు పెట్టాను.
ఆస్పత్రి పార్కింగువి, పందొమ్మిది.
ఫిబ్రవరి నాలుగు నుంచి ఇరవై రెండు దాకా
రోజుకు ఆరు డాలర్లు.
ఒక్కటీ ఆలస్యం కాలేదు, చూసుకోండి.
కట్టకపోతే గేటు దగ్గర
ఆ ఎర్రచారల కర్ర పైకి లేవదు మరి.
పైన ఐదో అంతస్తులో మా తమ్ముడు రెయినో
తన కుడిచెయ్యి ఎవరిదని నన్నడిగేవాడు.
నీదేరా అంటే నమ్మేవాడు కాదు.

ఇరవై రెండున రసీదు తీసుకుని
కారులో చాలాసేపు కూచున్నాను.
వెనక ఎవరో హారన్ కొట్టారు.

నేల రాయిలా ఉందనీ
మే నెల దాకా గొయ్యి తవ్వలేమనీ చెప్పారు.
రెయినో అన్నాళ్ళూ వాళ్ళ షెడ్డులో ఆగాడు.
ఆ ఆలస్యానికి
ఎవరూ ఏ చిట్టాలోనూ గుర్తు పెట్టలేదు.

మీ వాయిదా మార్చి తొమ్మిదిన గుర్తొచ్చింది,
మెషినులో వాడి చొక్కాలు తిరుగుతుంటే.
అప్పటికప్పుడు తడిచేతుల్తో కట్టాను.
మూడు రోజుల ముందు ఉతికుంటే
ఈ గొడవే ఉండేది కాదని
క్రెడిట్ యూనియన్‌లో ఓర్విల్ అన్నాడు,
పెన్ను మూతతో ఆ గడి మీద కొడుతూ.
ఫర్నేసు అప్పుకి వడ్డీ రెండున్నర ఎక్కువట,
ఆ ఒక్క గడి కోసం.
ఏడేళ్ళు ఉంటుందట.
చనిపోయిన మనిషి కూడా
అంత ఖచ్చితంగా గుర్తుండడు.

మూడోది చేత్తో రాశాను, నాలుగే వరసలు.
ఇంట్లో కోటు వేసుకుని పడుకుంటున్నాను.
పదకొండేళ్ళలో ఒక్క నెల తప్పాను.
ఆ నెల ఎలాంటిదో మీకు చెప్పేశాను.
దయచేసి.

మీరు ఫోన్ చేశారు.
నేను సూపు గరిటె కడుగుతున్నాను,
బడి వంటింట్లో, పిల్లలు వెళ్ళాక.
తీసేశాం అన్నారు, మామూలుగా,
చొక్కా మీద దారప్పోగు తీసినట్టు.
తర్వాత కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.
మీ వైపు కూడా గాలి వినిపించింది.

నిన్న కొత్త రిపోర్టు వచ్చింది.
గడులన్నీ పచ్చగా, పొలం గట్ల మధ్య నారులాగ.
జనవరి సరే.
ఫిబ్రవరి సరే.
మార్చి సరే.
వేలు పెట్టి చదువుతూ
మధ్యలో ఆగిపోయాను.

ఫిబ్రవరి సరేనా, లవాన్ గారూ?

మీరు చేసింది మేలే, కాదనను.
ఓర్విల్ వడ్డీ తగ్గించాడు,
గురువారం ఫర్నేసు బిగిస్తారు.
కానీ ఆ నెల నా చెయ్యి ఆడలేదని
లోకంలో రాసిపెట్టి ఉన్నది అదొక్కచోటే.
పాత కాగితం చించబోయి మానుకున్నాను.
వాడి చేపల లైసెన్సు ఉన్న సొరుగులో పెట్టాను,
ముప్పై అన్న అంకె పైకి కనపడేలా.

అడిగేదేమీ లేదన్నాను కదూ.
ఒకటుంది.
ఆ పందొమ్మిది రసీదులూ
మీ ఫైల్లో ఇంకా ఉంటే,
మీకు వాటితో పని లేకపోతే,
తిరిగి పంపుతారా?
తపాలా ఖర్చుకి స్టాంపులు జతచేశాను.

మార్యత్తా హౌకల