రెండు తలల తెడ్డు

శనివారం. హత్తా డ్యామ్ దగ్గర
కారు డిక్కీలోంచి నేను దింపినవి:
రెండు చాపలు, బొగ్గుల సంచి, మసాలా పట్టించిన కోళ్లు,
కరక్ చాయ్ ఫ్లాస్కు, పిల్లాడికి మూడు జతల బట్టలు,
ఆఖర్న నన్ను నేను.

చుట్టూ కొండలు. గడ్డిపోచ లేదు.
ఆవంలోంచి ఇప్పుడే తీసినట్టున్నాయి.
వాటి నడుమ నీళ్లు,
ఇంత పచ్చటి నీళ్లు సీసాల్లో కూడా చూళ్లేదు నేను.
మా కొల్లేటికి ఈ రంగు రాదు.
వానల్లో ఎరుపు, ఎండల్లో నలుపు,
మిగతా రోజులన్నీ గుర్రపుడెక్క.

హుమైద్‌కి భయం, నువ్వెక్కు వాడితో, అంది మేడం.
బత్తాయిరంగు జాకెట్టు తొడిగి
బకిల్సు బిగించాడు కెన్యా కుర్రాడు.
ఈతొచ్చా అని చేతుల్తో అడిగాడు.
నడక కంటే ముందొచ్చిన దాన్ని
ఏ భాషలో ఒప్పుకోను?

కయాక్‌లో కాలు పెట్టానో లేదో లేచి నిలబడ్డాను.
అలవాటు.
తాటిదోనెలో కూర్చునేది చుట్టాలు.
మేం నిలబడే గెడ వేస్తాం, బురదని తన్ని ముందుకు పోతాం.
"సిట్! సిట్!" ఒడ్డంతా ఒకటే అరుపు.
కూర్చున్నాను, చుట్టంలా.

చేతికి రెండు తలల తెడ్డు.
కుడికి ముంచితే ఎడమకి పోతుంది, ఎడమకి ముంచితే కుడికి.
ఇద్దరు తోడికోడళ్లని ఒక్క పొయ్యి దగ్గర నిలబెట్టినట్టు.
నాలుగు గుండ్రాలు తిరిగాక లొంగింది.
ఊరుకోలేక అడుగు వెతికాను.
కొల్లేట్లో ఎక్కడ గుచ్చినా నేల పలుకుతుంది.
ఇక్కడ ఎంత దించినా
ఏమీ పలకలేదు.

కొండ మలుపు దాటాక
ముందు సీట్లో హుమైద్ భుజాలు దిగాయి.
"దానా, నీకిది ఎవరు నేర్పారు?"

ధనకుమారి వాడి నోట పలకదు.
దానా అంటే వాళ్ల భాషలో పెద్ద ముత్యమట,
నేను ఉల్లిపాయలు తరుగుతుంటే మేడం చెప్పింది.

నాకొచ్చిన అరబ్బీ అంతా వంటింటిది:
ఉప్పు, కత్తి, త్వరగా, రేపు, అయిపోయింది.
సరస్సుకి అందులో మాట లేదు.
ఉన్నవాటిలో రెండు ఏరి అతికించాను.
"బేత్. మాయ్."
ఇల్లు. నీళ్లు.

ఒడ్డు తగలగానే ఉరికాడు.
దానా వాళ్లిల్లు నీళ్లతో కట్టారంట,
గోడలూ నీళ్లే, తలుపూ నీళ్లే,
చాప చాపకీ వెళ్లి చెబుతున్నాడు.
మేడం నవ్వింది.
నేను బొగ్గులు విసురుతున్నాను, కాదనలేదు.
వరదేడు మా లంకని చూసినవాళ్లెవరూ
ఆ మాట అబద్ధమనరు.

రాత్రి గ్రిల్లు ఊచలు తోముతుంటే
బొటనవేలి పక్కన చుర్రుమంది.
పొక్కు.
గెడకి కాయలు కాసిన చోటు కాదు,
అవెప్పుడో మెత్తబడిపోయాయి.
ఇది వేరే చోటు.
సబ్బునీళ్లు తగలకుండా ఆ వేలొకటి ఎత్తిపెట్టి
మిగతా తొమ్మిదింటితో తోమాను.