గడియ

బ్రాడీపేటలో రెండో అంతస్తు.
కింద జిరాక్స్ షాపు, పైన మేము.
గోడకి నిరుటి క్యాలెండరు,
ఎవరెవరు ఎప్పుడు డబ్బిస్తామన్నారో
దాని మీదే రాసుకున్నాం గనక తీసెయ్యలేదు.

అర్ధరాత్రి లోపు పంపాలట.
"ఏ ఊరి అర్ధరాత్రి?" అన్నాడు లెక్కలు చూసే యోహాను.
వాళ్ళ ఊరిదే.
అంటే మనకి తెల్లవారుజాము నాలుగున్నర,
పాల సైకిలు గంట మోగే వేళ.

ఫారంలో మొదటి గడి: మార్పు ఎలా వస్తుంది?
రెండువందల యాభై మాటలు మించరాదు.

ఆ వారమే ఏటుకూరు రోడ్డుకి వెళ్ళొచ్చాను.
కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డు,
ఎర్రటి గుట్టల మధ్య నూట పద్నాలుగు మంది ఆడవాళ్ళు
మిరపకాయలకి తొడిమలు తీస్తున్నారు.
మొదటి ప్రశ్న నోట్లో ఉండగానే తుమ్మాను.
షేక్ నాగూర్‌బీ నవ్వింది:
"మూడు రోజులుంటే ముక్కు కూడా నోరుమూసుకుంటదిలేమ్మా,
మాలాగా."

ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?
ఎల్లప్పుడూ, అప్పుడప్పుడూ, ఎన్నడూ.
సువార్తమ్మ తొడిమ గిల్లుతూనే అడిగింది:
"ఏ నిర్ణయం?
అప్పు ఎవర్ని అడగాలన్నదైతే నేనే.
ఎల్లప్పుడూ అని రాసుకో."
రాసుకున్నాను.
సాధికారత శాతం పెరిగింది.

మంచినీళ్ళెందుకు తాగట్లేదని
కాగితంలో లేని ప్రశ్న ఒకటి అడిగాను.
మరుగుదొడ్డి ఉంది. దానికి తలుపుంది.
గడియ లేదు.
ఒకరు లోపలికెళ్తే ఒకరు బయట కాపలా,
కాపలా కాసినంతసేపూ కూలి లేదు.
అందుకని పొద్దుట ఏడు నుంచి దీపాలు పెట్టేదాకా
పెదాలు తడుపుకోవడమే.

ఆఫీసుకొచ్చి బడ్జెట్ పట్టిక తెరిచాను.
శిక్షణ తరగతులు పెట్టవచ్చు.
అవగాహన పోస్టర్లు నాలుగు రంగుల్లో పెట్టవచ్చు.
బయటి నిపుణుడి మదింపు, విమానం ఖర్చుతో సహా, పెట్టి తీరాలి.
గడియ?
నిర్మాణ వ్యయం అనుమతించబడదు,
ఏడో పేజీ, అడుగున, చీమతలకాయంత అక్షరాల్లో.
నలభై రూపాయలమ్మా అని యోహాను యూరోల్లోకి మార్చాడు.
ఆ గడిలో పూర్తి అంకెలే పడతాయి.
సున్నా అని చూపించింది.

అవతల ఫోనులో ఉండే ఆవిడ చెడ్డది కాదు.
పిల్లాడికి దగ్గు, మధ్యలో లేచి వెళ్ళొస్తుంది.
ఈ ఏడు వాళ్ళ ప్రభుత్వం మూడోవంతు కోసిందట,
ఆవిడ ఉద్యోగానికీ మార్చి దాకానే గడువు.
"గడియ చాలా మంచి ఉదాహరణ," అంది,
"కథనంలో వాడండి."
వాడాను. పదిహేడు మాటలయ్యాయి.

ఇంతలో శనివారం కూలి చేతికొచ్చాక
నాగూర్‌బీ కొంగు పట్టుకుని వరసలమ్మట తిరిగింది.
మనిషికి రూపాయి.
గడియ, నాలుగు మరలు, బిగించినవాడికి టీ,
మిగిలినదానికి ఒక ప్లాస్టిక్ మగ్గు.
మమ్మల్ని అడగలేదు.
మాకు చెప్పిందీ సోమవారమే,
అదీ సువార్తమ్మ, మాటల్లో మాటగా,
చెంబెడు నీళ్ళు గటగటా తాగి
మూతి తుడుచుకుంటూ.

నలభై ఏడో గడి: స్థానిక వాటా.
నూట పద్నాలుగు రూపాయలు అని కొట్టాను.
ఈసారి ఒకటి అని చూపించింది.
నాలుగుంపావుకి పంపేశాం.
యోహాను కుర్చీలోనే నిద్రపోయాడు,
ఇద్దరికీ మూడు నెలల జీతం ఆ కాగితంలోనే ఉంది.

రెండు వారాలకి జవాబొచ్చింది.
పరిశీలనలో ఉంది.
స్థానిక వాటాకి రసీదు జతచేయగలరు.

నాగూర్‌బీ జాకెట్టులోంచి తీసిచ్చింది,
నాలుగు మడతల చీటీ,
మడత మడతకీ ఎర్రటి వేలిముద్ర.
కిందికి తీసుకెళ్ళాను.
జిరాక్స్ కుర్రాడు చీటీ విప్పి, అద్దం మీద పెట్టబోయి,
తుమ్మాడు.

స్కానులో ఘాటు రాలేదు.
ఎరుపు వచ్చింది, కొంచెం.