మూడో కాలు

బట్టల బజారు మలుపుల పూలమ్ముత నేను.
ఎండకాలం పదకొండు దాటిందంటె
మల్లెలు నా ముంగటనే ముసలివైతయి.
చిట్టి ఎత్తి ఫ్రిజ్ కొన్న. పాతదే.
ట్రాలీ ఆటోల అడ్డం పండవెట్టి తెచ్చిన్రు,
జరమొచ్చిన మనిషిని దవఖానకు తోలినట్టు.

"రేపటిదాంక నిలవెట్టుండ్రి, లోపటి నూనె కిందికి దిగాలె"
అన్నడు ట్రాలీ పిలగాడు.
ఆగినం.
నా బిడ్డ సుజన మాత్రం ఊకూకె తలుపు తెరిచి
చీకటి అరల్ల మొఖం వెట్టి చూసింది.

ప్లగ్గుకు మూడు కాళ్లుంటయని
నలుగురి ఇండ్లల్ల చూసిన.
దీనికి రెండే.
మూడోది ఎవరో కటింగ్ ప్లేరుతోని తెంపిన్రు,
నున్నగ, మానిన గాయం లెక్క.
మా కిరాయింటి గోడకు గూడ రెండు బొక్కలే.
సరిపోయింది గద అనుకున్న.
టీవీ, మిక్సీ, ఫోను ఛార్జరు వేలాడుతున్న డబ్బాల
దీన్ని గూడ ఇరికిచ్చిన.

మూడొద్దులు మంచిగనే ఉన్నది.
నాలుగోనాడు తెల్లారగట్ల
తడిగుడ్డల చుట్టిన కనకాంబరాలు తీద్దామని
హాండిల్ పట్టుకున్న.
జుమ్మంది.
చీమ కుట్టినట్టు కాదు,
మోచేతి దాంక ఎవరో లోపటి నరం గుంజినట్టు.
కాళ్లకు చెప్పుల్లెవ్వు. బండల మీద నీళ్లు.

ఇంటాయన రాజలింగం సారుకు చెప్తె
"చెప్పులేసుకొని తియ్యి" అన్నడు.

మొగిలన్న వచ్చి టెస్టరు పెట్టిండు.
అది ఎలిగింది,
బోర్డు కాడ కాదు, ఫ్రిజ్ తలుపు మీద.
ఏం మాట్లాడకుంట మెయిన్ బంద్ చేసిండు.
డబ్బా తీగె నా చేతుల పెట్టిండు,
అప్పుడే పెంకల నుంచి తీసిన రొట్టె తీర్గ ఉన్నది.
"అక్కా, కరెంటు వచ్చే తొవ్వ ఒకటి,
మర్లి పోయే తొవ్వ ఒకటి.
దారి తప్పితె భూమిల దిగనీకి ఇంకోటుండాలె.
అది లేదనుకో, నీ ఒంట్లకెల్లి పోతది."

ఎనుక సందుల తవ్విండు. అంత మొరమే,
గడ్డపార ఎగిరెగిరి పడ్డది.
దొడ్డుప్పు పది కిలోలు తెమ్మంటె పోయిన.
"మామిడికాయ తొక్కా?" అన్నడు కిరాణం సత్తెన్న.
"కాదు, కరెంటుకు."
చిల్లర ఇచ్చుకుంట నన్నే చూసిండు.
బొగ్గులు ఇస్త్రీ బండి ఎల్లస్వామి ఇచ్చిండు,
పైసల్ తీస్కోలె,
రెండు మూరల మల్లెలు ఆయన ఇంటికి పంపిన.
పైపు చుట్టు ఇంత బొగ్గు, ఇంత ఉప్పు, మల్ల బొగ్గు.
ఆకుపచ్చ తీగె గోడెక్కి
కొత్త బోర్డుల పై బొక్కకు ముడివడ్డది.
లీకయితె దానంతటదే పడిపోయే స్విచ్చొకటి బిగించిండు.
కొత్త ప్లగ్గు, మూడు కాళ్లది.
ఖర్సు కిరాయిల పట్టుకుంట అన్న,
సారు వారం దాంక నాతోని మాట్లాడలె.

ఇప్పుడు దానికి సొంత గోడున్నది,
ఎనుక జానెడు జాగ ఉన్నది, గాలాడనీకి.
టీవీ డబ్బా టీవీకే.
కరెంటు పోయి వస్తె వెంటనే స్విచ్చెయ్య,
ఒక మూర కట్టి, ముడేసి, అప్పుడు లేస్త.

మన్ను ఎండితె ఆ తొవ్వ మూసుకపోతదట.
అందుకే ఐతారం ఐతారం
ఓ బిందెడు నీళ్లు ఆ గుంతల పోస్త.
పక్కింటి ఓదెమ్మ గోడ మీదికెల్లి చూసి
"ఏం చెట్టు పెట్టినవే? రెండు నెల్లాయె, మొలకే రాదు" అన్నది.
మస్తు సేపు నవ్విన. తర్వాత చెప్పిన.
ఆమె నవ్వలె.
పొద్దుగూకినంక మల్లొచ్చింది,
కొంగుకు సాలెగూడు, మోకాళ్లకు దుమ్ము.
"మాదానికి గూడ రెండేనే" అన్నది.

గడ్డపార ఇంక మా సందులనే ఉన్నది.
మొగిలన్నకు ఫోన్ కలుపుమన్న సుజనను.