పైనుంచి చూడాలి

చేపని పక్కనుంచి చూడటం
మర్యాద కాదనేది మిత్సుయె నాన్నమ్మ.
గాజు తొట్లు నిన్నగాక మొన్న వచ్చినవి.
అంతకు ముందు వందల ఏళ్ళు
బంగారు చేప అంటే
వీపు.
తెల్ల పింగాణీ పళ్ళెంలో, బెత్తెడు నీళ్ళలో,
ఆకాశానికీ, వంగిన మనిషికీ
మాత్రమే కనబడే వీపు.

కొరియామాలో వేసవి తెల్లవారుజాము.
మళ్ళలా గళ్ళు గళ్ళుగా చేపల చెరువులు,
గట్ల మీద గొంతుక్కూర్చున్న మేము.
నా చేతిలో గవ్వంత గరిటె.
జీలకర్ర గింజకి తోక మొలిచినట్టు పిల్లలు,
వేలకి వేలు.
తోక వంకర, అటు.
వెన్ను మీద బుడిపె, అటు.
వందలో తొంభై అటే.
"అటు" అంటే ఎక్కడికని
ఏడేళ్ళప్పుడు అడిగాను.
నాన్నమ్మ కొంగను చూపించింది,
గట్టు చివర, ఒంటికాలి మీద,
జీతాల రోజు గుమాస్తాలా.

మాది కత్తి పట్టిన వంశం.
అంత గొప్ప కత్తేం కాదు లెండి.
కోట గుమ్మం దగ్గర చలికి
కాళ్ళు మార్చుకుంటూ నిలబడే రకం.
జీతపు బియ్యం సగంలోనే నిండుకుంటే
మా ముత్తాత తాత సెంజూరో
పెరట్లో గుంట తవ్వి,
ఒర మీద ఉండాల్సిన చేత్తో
గుడ్లు అంటిన నాచుని ఎత్తాడట.
తర్వాత దొరలు పోయారు.
జుట్టుముడి కోసుకోమన్నారు, కత్తి దించమన్నారు.
చేపల్ని మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.
ఆ కత్తి అమ్మి కొన్న తొట్టి
ఇంకా వెనక వాకిట్లో ఉంది,
అంచు పగిలి.

కానీ నేను చెప్పాలనుకున్నది ఆ తొట్టి గురించి కాదు.
ఇంకోటుంది, సిమెంటుది,
వీధి గుమ్మం ముందు.

యుద్ధం ముదిరిన ఏడు కాగితం వచ్చింది:
అందం అన్నం పెట్టదు,
చెరువులు ఎండగట్టి వరి వెయ్యండి.
తాత అప్పటికే బర్మాలో ఎక్కడో.
నాన్నమ్మకి ఇరవై రెండు.
మోకాలి లోతు బురదలోకి దిగి
తూము తనే ఎత్తింది.
నీళ్ళు వెళ్ళిపోయే చప్పుడు
రాత్రంతా వినబడిందట.
పొద్దున ఎరువుకని బండ్లు వచ్చాయి.
ఎరుపు మీద ఎరుపు మీద ఎరుపు...
ఇక్కడ ఎప్పుడూ ఆగిపోయేది,
తడి లేని చేతుల్ని
మళ్ళీ తుడుచుకునేది.

ఏడు మిగిల్చింది.
బాంబులు పడితే మంట ఆర్పడానికని
ఇంటింటి ముందూ కట్టించిన నీళ్ళ తొట్టిలో వదిలింది.
తనిఖీకి వచ్చిన వార్డు పెద్ద ఒగిషిమా
వంగి చూశాడు.
"ఇవేంటి?"
నాన్నమ్మ నీళ్ళు నమల్లేదు.
ఆ పని చేపలే చేస్తున్నాయి.
"దోమపిల్లల్ని తింటాయి. దేశసేవ."
ఆయన చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు.
మర్నాడు తొట్టి అంచున
పొట్లం కట్టిన గుప్పెడు గోధుమ పొట్టు.
ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు.

పతకాలు తెచ్చిన జాతిని దాచిందనుకున్నాను,
చాలా ఏళ్ళు అలాగే చెప్పుకున్నాను కూడా.
పోయే ముందు సంవత్సరం నవ్వింది.
"చీకట్లో జాతి ఎవడు చూశాడు?
చేతికందినవి పట్టుకొచ్చా.
ఒకదాని తోక నీ చిటికెన వేలంత వంకర."

ఇప్పుడు పోటీల్లో మా చేపల చుట్టూ
పెద్దమనుషులు వంగి నిలబడతారు,
వీపు గీత తప్పలేదని తల ఊపుతారు.
నేనూ ఊపుతాను.

ఈ పొద్దున గరిటెలోకి ఒకటి వచ్చింది,
తోక వంకర.
కొంగ మెడ సాచింది.
మిగతావాటిలాగే ఇదీ ఇంకా నల్లగానే ఉంది.
ఎరుపెక్కడానికి
రెండు నెలలు పడుతుంది.