అలల అంచు

ఇరవయ్యారేళ్లు మైపాడు బస్సులో టిక్కెట్లు కొట్టాను.
ఆఖరి స్టాపులో బండి తిప్పుకునే తావ
'అలల అంచు' హోటలు అద్దాలు
నా మొహం మీదే వెలిగేవి.
నేను ఫుట్‌బోర్డు మీద కూర్చుని
క్యారేజీ మూత తీసేవాణ్ణి.

"కండక్టరూ, అందులో భోజనం బాగుంటుందా?"
ఆత్మకూరోళ్లు, కడపోళ్లు,
పెళ్లయి వారం కాని జంటలు,
కొండ మీద గుండు గీయించుకుని
నేరుగా సముద్రానికొచ్చినోళ్లు,
అందరూ అడిగేవాళ్లు.
"బ్రహ్మాండం" అనేవాణ్ణి, చిల్లర లెక్కపెడతా.
"చేపల పులుసే తినండి" అని కూడా.

రిటైరైన పదకొండో రోజు
వెంగమ్మ ఆకుపచ్చ పట్టుచీర తీసింది.
కలరా ఉండల వాసన.
"యాడికి?" అని పక్కింటామె అడిగితే
"హోటలుకి" అంది, వీధంతా వినపడేట్టు.

బల్ల మీద ప్లాస్టిక్ గులాబి. దాని మీద ఈగ.
అద్దం అవతల సముద్రం ఉండాలి,
ట్యూబులైటే కనపడతా ఉంది,
దాని కింద మేమిద్దరం
ఎవరింటికో పిలవకుండా వచ్చినట్టు.

అట్టల పుస్తకంలో నలభై రెండు కూరలు.
చందువ?
లేదండి.
మట్టగుడిస?
అయిపోయిందండి.
రొయ్యల వేపుడు?
ఆదివారమేనండి.
పులుసుంది, చాలా బాగుంటది.
ఏం చేప అబ్బయా?
"చేపేనండి."

ముప్పావు గంట.

వచ్చింది.
టమాటా రంగు, జీడిపప్పు ముద్ద, నాలుక్కి తగిలే తీపి.
ముల్లు లేని తెల్ల ముక్కలు,
సబ్బు బిళ్లల్లాగా నాలుగు మూలలతో.
మామిడికాయ బద్ద కోసం వెంగమ్మ గరిటె తిప్పింది,
బావిలో పడ్డ ఉంగరం వెతికినట్టు.
దారి పొడుగునా వరి మళ్లే చూస్తా వచ్చాం,
ఈ అన్నం యాడ పండిందో,
మెతుక్కీ మెతుక్కీ మాటల్లేవు.

"ఇది సముద్రం చూసిన చేపేనంటావా?"
"మనం చూసినంత కూడా చూసుండదు."
నవ్వలేదు. తినింది.
డబ్బు పోసిన కూడు వదిలే మనిషి కాదు.
చివర్లో పెరుగొచ్చింది, గడ్డపెరుగు,
దాన్ని మాత్రం ఇద్దరం గిన్నె గీకి తిన్నాం.

చెయ్యి కడుక్కోను వెనక్కి పోతే
ఆ వాసన.
మెంతులు, చింతపండు, రాత్రంతా ఊరిన ముక్క.
గ్యాసు బండల మధ్య గోనెపట్టా మీద
మాకు వడ్డించిన కుర్రాడు,
ఒళ్లో స్టీలు క్యారేజీ.
లేవబోయాడు. కూర్చోమన్నాను.
చొక్కా బిళ్ల మీద 'కిరణ్' అనుంది.
పేరడిగితే పోలయ్య అన్నాడు.
బిళ్ల ముందు పనిచేసినోడిదంట.

"పులుసు బాగుంటదన్నావే!"
"నేనెప్పుడూ తిన్లేదు సార్.
బాగుంటదనే అంటారందరూ."

అందరూ.
రోజుకు నాలుగు ట్రిప్పులు.
ట్రిప్పుకిద్దరు అడిగారనుకున్నా
ఇరవయ్యారేళ్లకి...
రూపాయి తేడా రాకుండా డిపోలో లెక్క కట్టినోణ్ణి
అక్కడ ఆపేశాను.
ఒక్కరన్నా నన్ను తిట్టలేదు.
తిరుగు బస్సులో నిద్రపోయారు,
కిటికీ చువ్వలకి తల ఆనించి,
కాళ్లకి ఇసకతో.

బిల్లు ఏడొందల నలభై.
పోలయ్యకి అరవై ఇచ్చాను.
లెక్క ఎనిమిదొందలకి సరిపోయింది, అదొక్కటే.

ఆఖరి బస్సు వచ్చింది.
చంటిబిడ్డతో ఒక సంసారం దిగింది,
సంచులు, బకెట్టు, నిద్రమొహాలు.
"ఆ హోటల్లో బాగుంటుందా అండీ?"
మాట అలవాటుగా గొంతు దాకా వచ్చింది,
"బ్ర" దాకా అన్నానేమో కూడా.
వెంగమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.
"పెరుగు బాగుండాదమ్మా" అంది.

ఎక్కాం. కొత్త కండక్టరు, చిన్నపిల్ల,
మిషను చేత్తో పట్టుకుని జనాన్ని చూస్తా ఉంది.
తలుపు పడింది.
"రైట్" అన్నాను.

ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది.